మన పేరుతో వెళ్ళే రిటర్ను



ఒక చిరుద్యోగిని ఊహించుకోండి. ఏటా జూలైలో వీధి చివరి కేంద్రంలో ఫారం 16, పాస్‌వర్డ్ అప్పగించి వస్తాడు. "రీఫండు తెప్పిస్తాను, అందులో నాకింత ఇవ్వండి" అంటాడు ఏజెంటు. డబ్బు ఖాతాలో పడుతుంది. కొంతకాలానికి నోటీసు వస్తుంది. ఎన్నడూ ఇవ్వని విరాళం, ఎన్నడూ కట్టని పార్టీ చందా అతని రిటర్నులో ఉన్నాయి. నోటీసు మీద ఏజెంటు పేరు మాత్రం లేదు.

ఇది అరుదైన సంగతి కాదు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా ఇలాంటి మధ్యవర్తులపై తనిఖీలు జరిపింది. అంతకు ముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములను ఉపసంహరించుకున్నారని ప్రకటించింది.

చట్టం ఏమంటుంది? తప్పుడు లెక్క చూపినవారికి, ఆ మేరకు తగ్గిన పన్నుపై 200 శాతం జరిమానా. తప్పుడు రిటర్నుకు తోడ్పడినవారికి జైలుశిక్ష ఉంది. చార్టర్డ్ అకౌంటెంట్ తన ధ్రువపత్రంలో తప్పు సమాచారమిస్తే 10,000 రూపాయల జరిమానా. 1949 నాటి చట్టం కింద వృత్తిపరమైన క్రమశిక్షణ చర్య అదనం. 2006 పథకంలో శిక్షణ పొందిన ట్యాక్స్ రిటర్న్ ప్రిపేరర్ తాను తయారుచేసిన రిటర్నుపై సంతకం చేసి, నకలు ఇవ్వాలి. కానీ మన పాస్‌వర్డ్‌తో పని ముగించే వీధి ఏజెంటు ఏ పట్టికలోనూ ఉండడు, ఎక్కడా సంతకం చేయడు. అతణ్ణి శిక్షించాలంటే ముందు అతడే రాశాడని రుజువు కావాలి.

మన కుటుంబాలకు మరో చిక్కు ఉంది. పేద బంధువు చేతికిచ్చిన జకాత్‌కు విరాళాల పన్ను మినహాయింపు లేదు. గుర్తింపు పొందిన సంస్థకైనా 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఈ మినహాయింపే లేదు. "జకాత్ ఇస్తారు కదా, రాసేస్తాను" అనేవాడు మన నిజమైన దానాన్ని అబద్ధపు లెక్కగా మారుస్తున్నాడు.

కాబట్టి రాసేవారి పేరు, సభ్యత్వ సంఖ్య అడగండి. రీఫండులో వాటా అడిగేవారిని దూరం పెట్టండి. పంపేముందు ప్రతి అంకె చదివి, నకలు భద్రపరచుకోండి. పొరపాటు తెలిస్తే విచారణ మొదలుకాకముందే అప్‌డేటెడ్ రిటర్ను వేసి, అదనపు పన్ను కట్టి సరిదిద్దుకోండి.

కార్యకర్తలకు ఒక మనవి. ప్రతి బస్తీలో అర్హులైన అకౌంటెంట్లతో ఉచిత సహాయ కేంద్రం నడపండి. రుసుము తీసుకొని రిటర్ను రాసే ప్రతి ఒక్కరికీ నమోదు, సంతకం తప్పనిసరి చేయాలని ప్రభుత్వాన్ని కోరండి. పాస్‌వర్డ్ ఒక అమానత్. దానిని పుచ్చుకున్నవాడు జవాబు చెప్పవలసిందే.