బస్సు ఆపమని అడగలేక 2 కిలోమీటర్లు నడిచా

ఈరోజు టాపిక్ సోషల్ యాంగ్జైటీ డిజార్డర్. ముందు నా కథ ఒకటి చెప్తా, నవ్వుకున్నా పర్లేదు.

బీటెక్ రోజుల్లో అనంతపురం నుంచి బస్సులో ఇంటికొచ్చేవాణ్ణి. ముదిగుబ్బ ఇంకా 2 కిలోమీటర్లు ఉందనగా మా ఊరి క్రాస్. అక్కడ దిగాలంటే "అన్నా, ఆపన్నా" అని గట్టిగా అనాలి. అందరూ తిరిగి చూస్తారు కదా! నోరు పెగిలేది కాదు. ముదిగుబ్బ బస్టాండ్‌లో దిగి, చెనక్కాయ చేల మధ్య ఎండలో వెనక్కి నడిచేవాణ్ణి. అమ్మ అడిగితే, డ్రైవర్ ఆపలేదమ్మా అనేవాణ్ణి.

ఇంట్లో "వీనికి మొగమాటం ఎక్కువ" అనేవాళ్లు. మొగమాటం వేరు, ఇది వేరు. మొగమాటస్తులు కాసేపటికి కలిసిపోతారు. ఇందులో నలుగురూ నన్ను తక్కువగా అనుకుంటారేమో అన్న భయం నెలల తరబడి, మామూలుగా 6 నెలలకు పైగా ఉంటుంది. చదువుకో, ఉద్యోగానికో అడ్డం పడుతుంది. అప్పుడే డాక్టర్లు జబ్బు అంటారు. 1980లో అమెరికా సైకియాట్రిస్టుల మాన్యువల్‌లో ఇది 'సోషల్ ఫోబియా' పేరుతో చేరింది. చాలామందికి టీనేజ్‌లోనే మొదలవుతుంది కాబట్టి, వయసొస్తే అదే పోతుందిలే అని వదిలేస్తారు.

అసలు మెలిక ఏందంటే, తప్పించుకున్న ప్రతిసారీ హాయిగా ఉంటుంది. హమ్మయ్య, గండం గడిచింది! ఆ హాయే మనల్ని ముంచేది. అడిగితే ఏమవుతుందో ఎప్పటికీ తెలీదు, భయం అట్లే ఉండిపోతుంది. ఉద్యోగంలోనూ అదే చేశా. మీటింగ్‌లో నా వంతు రాగానే "నెట్‌వర్క్ ప్రాబ్లం" అని చాట్‌లో టైప్ చేసేవాణ్ణి. నేను రాసిన కోడ్ గురించి ఇంకొకరు చెప్పేవాళ్లు. ప్రమోషనూ వాళ్లకే వచ్చింది. తప్పు వాళ్లది కాదులెండి.

దీనికి చికిత్స ఉంది. సీబీటీ అని, మాటలతో చేసే చికిత్స. చిన్న భయంతో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కిస్తారు. కొందరికి మందులూ ఇస్తారు, అవి సైకియాట్రిస్ట్ రాస్తేనే వాడాలి. పెండ్లికి పోయే ముందు ఒక పెగ్గేస్తే ధైర్యమొస్తుంది అనేవాళ్లున్నారు. అదీ తప్పించుకోవడమే సామీ!

ఎక్కడికి పోవాలో తెలీకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అని, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఫోన్ చేయాలన్నా భయమేనా? చెప్పాల్సింది పేపర్ మీద రాసుకుని చదివేయండి. కౌన్సెలర్ దగ్గర నేను చేసింది అదే.

నాకు ఆమె ఇచ్చిన మొదటి హోంవర్క్ ఆ బస్సే. క్రాస్ దగ్గర "ఆపన్నా" అన్నా. గొంతు కీచుమంది. డ్రైవర్ బ్రేక్ వేశాడు. పక్క సీటాయన ఫోన్‌లో రీల్స్ చూస్తా ఉన్నాడు, తల కూడా ఎత్తలేదు.