అమోర్గోస్ దీవిలో యోగాభ్యాసము

ఏకాంతవాసమనగానే మనకు అరణ్యములు, కొండగుహలు, నదీతీరములు స్మరణకు వచ్చును. సముద్రమధ్యమందలి రాతిదీవి స్మరణకు వచ్చుట అరుదు. అయినను నేడు ఐరోపా ఖండమున యోగాభ్యాసము చేయువారిలో అనేకులు ఏటేట ఒక వారమో, పది దినములో గ్రీసు దేశపు దీవులలో గడపివచ్చుచున్నారు. మేమును కొందరము మిత్రులము కలసి, వసంతము ముగియు దినములలో, ఈజియన్ సముద్రమునందలి అమోర్గోస్ అను దీవికి అట్టి శిబిరమునకై వెళ్ళితిమి. ఆ వారము దినముల అనుభవమును ఇప్పుడు ముచ్చటింతుము.

అమోర్గోస్ సైక్లడీస్ అను దీవుల గుంపులో తూర్పు కొసనున్నది. సన్నగా, పొడవుగా, నీటిలో వెన్నెముకవలె తేలియుండును. వైశాల్యము సుమారు 120 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య రెండువేలకు అటునిటు. విమానాశ్రయము లేదు. ఏథెన్సు నగరపు రేవైన పిరేయస్‌లో ఓడ నెక్కినచో అచటికి చేరుటకు చాల గంటలు పట్టును. గాలి తీవ్రమైననాడు ఓడయు కదలదు. ఆ దీవి నిశ్శబ్దమును కాపాడుచున్నది ముఖ్యముగా ఈ దూరమే.

మా శిబిరము కొండవాలున ఒక చిన్న ఊరి చెంత నుండెను. తెల్లవారక ముందే లేచి, ఎవ్వరితోను మాటలాడక, పూర్వము గోధుమ, బార్లీ నూర్చిన కళ్ళము నొద్దకు చేరెడివారము. మన ఊళ్ళలో కళ్ళమును అలికి సిద్ధపరతురు; అచట గుండ్రముగా రాళ్ళు పరచి, చుట్టును పలకలు నిలిపెదరు. ఆ రాతిమీద చాపలు వేసికొని, సూర్యోదయమునకు ముందు ప్రాణాయామము, తరువాత ఆసనములు చేసెడివారము. ఉపాహారమువరకు మౌనము. ఆసనములకు గురువుగారు సంస్కృత నామములనే వాడెడివారు. త్రికోణాసనమను మాట విని, వంటచేయు గ్రీకు వనిత అది తమ మాటయేనని నవ్వినది. నిజమే, త్రిభుజమును గ్రీకులు ‘త్రీగొనొ’ అందురు.

మన విద్య ఇంత దూరము ఎట్లు పోయినదని మాలో కొందరు గర్వపడిరి. ఈ రాకపోకలు నిన్న మొన్నటివి కావు. క్రీ.పూ. 326లో అలెగ్జాండరు తక్షశిలకు వచ్చినపుడు, అతని పరివారములోని ఒనెసిక్రిటస్ అచటి దిగంబర తాపసులతో సంభాషించి, ఎండలో కదలక నిలిచియున్న వారినిగూర్చి వ్రాసిపెట్టెను. ఏథెన్సులో పుట్టిన దిమిత్రియోస్ గలానోస్ 1786లో భారతదేశమునకు వచ్చి, కాశిలో నలువది సంవత్సరములు సంస్కృతము నభ్యసించి, 1833లో అచటనే మరణించెను. అతడు గ్రీకు భాషలోనికి మార్చిన భగవద్గీత 1848లో ఏథెన్సులో అచ్చయినది. నేటి ఆసనాభ్యాసము మాత్రము ఇటీవలి బాటను వచ్చినది. 1930 ప్రాంతమున మైసూరులో కృష్ణమాచార్యులవారు నేర్పిన పద్ధతిని వారి శిష్యులు దేశాంతరములకు కొనిపోయిరి. వారిలో బి.కె.ఎస్. అయ్యంగారు 1966లో ప్రకటించిన ఆంగ్ల గ్రంథము అనేక దేశములవారికి చేతిపుస్తకమైనది.

మూడవనాడు మా గర్వము కొంత తగ్గినది. ఆనాటి సాయంకాలము కుళాయిలలో నీరు నిలిచిపోయినది. ఎండలో నడచివచ్చి, స్నానమునకు వీలులేక మేము కొంత విసుగుతో ఇంటి యజమానురాలికి చెప్పితిమి. ఆమె వృద్ధురాలు. కోపపడలేదు. మమ్ము ముంగిటికి పిలిచి, నేలలోని ఒక చెక్కమూత నెత్తి, బొక్కెనను త్రాటితో దింపినది. బొక్కెన చాలసేపు దిగినది. పైకి వచ్చినపుడు సగమే నిండియున్నది. శీతకాలమున కప్పుమీద కురిసిన వానను కాలువతో పట్టి, ఇంటిక్రింద తొట్టిలో నిలువచేసికొని సంవత్సరమంతయు వాడుకొనుట అచటి పూర్వాచారము. ఇప్పుడు ఆ సముద్రపు దీవులలో పలుచోట్ల ఉప్పునీటిని మంచినీరుగా మార్చు యంత్రములు వచ్చినవి. వచ్చు అతిథులును అధికులైనారు. మేము దినమునకు రెండుమారులు స్నానము చేయుచు, ఉదయమున అపరిగ్రహమును గూర్చి ఉపన్యాసము వినుచుంటిమి. ఆ సగము బొక్కెనను చూచిన తరువాత మాలో ఎవ్వరికిని మాట రాలేదు. మరునాటినుండి తలకొక చెంబు లెక్కపెట్టుకొంటిమి.

నీటినిగూర్చి ఆ దీవికి ఒక పురాతన చరిత్ర కలదు. క్రీ.శ. 24లో రోము నగరమున విబియస్ సెరెనస్ అను అధికారి రాజద్రోహ నేరముపై విచారింపబడెను. నేరము మోపినవాడు అతని కన్నకుమారుడే. అతనిని గ్యారోస్‌కో, దొనూసాకో పంపవలెనని సభలో ఒకడు చెప్పగా, టైబీరియస్ చక్రవర్తి ఒప్పుకొనలేదు. ఆ రెండు దీవులలోను నీరు లేదనియు, ప్రాణము నిలిపినవానికి బ్రతుకుటకు కావలసినది ఇయ్యవలెననియు అతని వాదము. అంతట సెరెనస్‌ను అంతకుముందు బంధించియుంచిన అమోర్గోస్‌కే మరల పంపిరి. చరిత్రకారుడైన టాసిటస్ ఈ సంగతి వ్రాసియున్నాడు.

ఆ దీవి ప్రవాసశిక్షకు మన కాలములోను ఉపయోగపడినది. 1967లో గ్రీసులో సైనికాధికారులు ప్రభుత్వము నాక్రమించిన తరువాత, మాజీ మంత్రియైన యోర్గోస్ మిలోనాస్‌ను అచటికి పంపి కావలియందుంచిరి. అతడు 1969లో మోటారు పడవపై తప్పించుకొనిపోయెను. అదే కొండ, అదే సముద్రము, అదే నిశ్శబ్దము. మేము రొక్కము చెల్లించి కోరుకొన్న ఏకాంతము అతనికి శిక్షయైనది. కనుక ఏకాంతమునకు స్వతహాగా పావనత్వమున్నదని చెప్పలేము. తలుపు లోపలినుండి వేసికొన్నదా, వెలుపలినుండి వేయబడినదా అనుదానిపై సర్వము ఆధారపడియున్నది.

తలుపు తామై వేసికొన్నవారును అచట కలరు. దీవి దక్షిణపు అంచున, సముద్రమునకు సుమారు మూడువందల మీటర్ల ఎత్తున, నిట్టనిలువు కొండకు అంటించినట్లు హొజోవియోతిస్సా అను తెల్లని మఠమొకటి ఉన్నది. పదునొకండవ శతాబ్దినాటిది. ఎనిమిది అంతస్తుల కట్టడమైనను వెడల్పు ఐదు మీటర్లే. మెట్లన్నియు ఎక్కి చేరినవారికి సన్యాసులు తీపితునకయు, తేనె కలిపిన పానీయమును ఇత్తురు. ఎవరివారనియు, ఎందుకు వచ్చితిరనియు అడుగరు.

గ్రీకు క్రైస్తవులలో ‘ఇసిహీయా’ అను పదమునకు ప్రశాంతి యని అర్థము. పదునాలుగవ శతాబ్దిలో ఆథోస్ పర్వతమున సన్యాసులు తలవంచి కూర్చుండి, ఉచ్ఛ్వాస నిశ్వాసములతో ఒక చిన్న ప్రార్థనను జపించెడివారు. వారిని కొందరు పరిహసింపగా, గ్రెగరీ పలామాస్ వారి పక్షమున వాదించెను. 1341లోను, 1351లోను కాన్‌స్టాంటినోపిల్ సభలు ఆ మార్గమును సమర్థించినవి. ముడులు వేసిన ఉన్నిత్రాడు వారికి జపమాల. ఇది మననుండి పోయినదని చెప్పుటకు మాకు ఆధారము లేదు. చెప్పవలసిన అవసరమును లేదు. ఊపిరి అందరికిని ఒక్కటే.

ఆ ప్రశాంతి క్రింద భూమి స్థిరముగా లేదు. 1956 జూలై 9వ తేదీన అమోర్గోస్ సమీపమున గొప్ప భూకంపము వచ్చి, సముద్రపుటలలు ఒడ్డున విరుచుకొనిపడినవి. ప్రక్కనున్న సంతొరీని దీవిలో అనేకులు మరణించిరి. 2025 ఫిబ్రవరిలో ఆ రెండు దీవుల నడుమ వేలకొలది కంపనములు కలుగగా, సంతొరీనినుండి జనులు గుంపులుగా ఓడలెక్కిరి; అమోర్గోస్‌లోను అత్యవసర పరిస్థితి ప్రకటించిరి. ఆ ఇంటి వృద్ధురాలు మాత్రము ఇల్లు విడువలేదట. మేకలను ఎవరికి అప్పగింపగలనని ఆమె మమ్మే అడిగినది.

2025 జూన్ 21వ తేదీన, అంతర్జాతీయ యోగ దినమున, విశాఖపట్టణపు సముద్రతీరమున లక్షలకొలది జనులు ఆసనములు వేసిరి. ఆ దినమున మాకు అమోర్గోస్ కళ్ళమును, చెక్కమూతయు జ్ఞప్తికి వచ్చినవి. అష్టాంగములలో ఆసనము మూడవది. దానికి ముందు యమనియమములు రెండును ఉన్నవి. వాటిని దాటి మూడవ మెట్టుపై నిలువజూచుట మా పొరపాటు. ఒక దీవిలో ప్రశాంతిని వెదకబోవు అతిథి, ఆ ప్రశాంతి ఒకరి ఇల్లనియు, వారి తొట్టిలోని నీరు లెక్కకు లోబడినదనియు తెలిసికొనవలెను. మేము ఆ శిబిరమునుండి తెచ్చుకొన్నది ఈ కొద్దిపాటి తెలివి. మా ఇండ్లలో కుళాయి విప్పునపుడెల్ల, ఆ బొక్కెన దిగిన లోతు ఇప్పటికిని కన్నులకు కట్టుచున్నది.