పాలపిట్ట రెక్కలు (స్మారకోపన్యాసం)

ఈ స్మారక సభ గుడిమల్కాపూర్‌లో జరుగుతోంది గనుక మాట ఇక్కడి పూలమార్కెట్‌ నుంచే మొదలుపెట్టడం న్యాయం. దసరా ముందురోజు అక్కడ కాలు పెట్టడానికి సందుండదు. బంతి, చామంతి గుట్టలుగా పోసి ఉంటాయి. ఆ గుట్టల పక్కనే జమ్మి కొమ్మలు ముందేసుకుని కూర్చున్నవాళ్లూ కనిపిస్తారు. సన్నసన్నని ఆకులు, కొమ్మ నిండా ముళ్లు. మర్నాటి సాయంత్రానికి ఆ ఆకులే ‘బంగారం’ అవుతాయి. పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు, దోస్తులు అలాయ్ బలాయ్ తీసుకుంటారు.

జమ్మిని మార్కెట్లో కొనుక్కోవచ్చు. దసరా నాడు కనిపిస్తే శుభమనుకునే పాలపిట్టను మాత్రం వెతుక్కుంటూ మనిషే ఊరవతలికి పోవాలి.

అజ్ఞాతవాసం ముగించి, జమ్మిచెట్టు మీది ఆయుధాలు దించుకుని వస్తున్న పాండవులకు ఈ పిట్ట ఎదురైందని, అప్పటి నుంచి వాళ్లకు అన్నీ గెలుపులేనని పల్లెల్లో చెబుతారు. రావణుడి మీదికి బయలుదేరిన రాముడికి కనిపించిందని మరికొందరంటారు. ఇంకొందరికి అది నీలకంఠుడైన శివుడే. కథ ఏదైనా పిట్ట తనంత తాను ఎదురుపడుతుంది, ఎవరూ పట్టి తేరు.

వాలి ఉన్నప్పుడు పాలపిట్ట అంతగా కంటికి ఆనదు. గోధుమరంగు రొమ్ము, దాని మీద తెల్లని గీతలు, కరెంటు తీగ మీద ముద్దలా కూర్చుని ఉంటుంది. మిడత కోసం కిందికి దూకిందా, రెక్కల్లో ముదురు నీలం, లేత నీలం ఒక్కసారిగా విచ్చుకుంటాయి. శకునమంతా ఆ రెప్పపాటులోనే ఉంది.

ఆ రెక్కలనే కట్టేస్తున్నారు. పండక్కి ముందే పిట్టలను వలవేసి పట్టి, పంజరాల్లో పెట్టి, జనానికి చూపించి డబ్బులు తీసుకునేవాళ్లు నగరంలో ఉన్నారు. జిగురంటిన రెక్కలతో దొరికిన పిట్టలూ ఉన్నాయి. 2014లో తెలంగాణ తన రాష్ట్రపక్షిగా ప్రకటించుకున్న పిట్ట ఇది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం నేరం. చట్టం మాట అటుంచినా, ఎగరలేని పాలపిట్టలో శకునం ఎక్కడుంది?

ఇదే ప్రశ్నను జపాన్ ఒక కొంగ కథలో అడిగింది. దెబ్బతిన్న కొంగను ఓ పేదవాడు కాపాడతాడు. కొన్నాళ్లకు ఒక పడుచు అతని ఇంటికి వచ్చి, భార్యగా ఉండి, అపురూపమైన బట్ట నేస్తుంది. నేసేటప్పుడు చూడొద్దంటుంది. అతను తొంగి చూస్తాడు. మగ్గం ముందున్నది కొంగ, తన ఈకలే పెరికి నేస్తోంది! గుట్టు బయటపడ్డాక అది ఎగిరిపోతుంది. కినోషిత జుంజి 1949లో ఈ కథను ‘యూజురు’ నాటకం చేశాడు. అందులో మొగుణ్ణి చెడగొట్టేది డబ్బాశ.

మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని విన్న తెలుగువాళ్లకు ఇది పరాయి కథ కాదు. మన కథలో చిలక ప్రాణం తీస్తేనే బాలనాగమ్మకు విడుదల. వాళ్ల కథలో పిట్ట ఒళ్లు తరిగిపోతుంటే మనిషికి తెలియదు, అదే విషాదం.

ఆ కొంగకు నిజజీవితంలోనూ గండం వచ్చింది. నెత్తిన ఎర్రటి మచ్చ ఉండే ఆ కొంగను జపనీయులు తంచో అంటారు. హొక్కాయిదో దీవిలోని ఐనూ జనం దాన్ని చిత్తడినేల దేవుడిగా కొలిచారు. వేట వల్ల, చిత్తడినేలలు ఎండగట్టడం వల్ల అది అంతరించిందనే అనుకున్నారు. 1952 నాటి లెక్కలో తేలినవి 33. ఆ చలికాలం కుషిరో ప్రాంతపు రైతులు మంచులో మొక్కజొన్న గింజలు చల్లారు. పిట్టలు నిలిచాయి. ఇప్పుడవి వెయ్యి దాటాయి. కుషిరో చిత్తడినేల 1980లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్సర్ జాబితాకెక్కింది.

మన పాలపిట్టకు గింజలు చల్లే పనిలేదు, పురుగులు తిని బతుకుతుంది. గూడుకు దానికి తొర్రలున్న ముసలి చెట్లు కావాలి. మెహిదీపట్నం నుంచి చేవెళ్ల తోవ పడితే అలాంటి మర్రిచెట్లు ఇంకా వందల్లో ఉన్నాయి. ఈ దసరాకు పిల్లలను అటు తీసుకెళ్లండి. పిట్ట కనిపించకపోతే జమ్మి పంచుకుని ఇంటికి రండి. పంజరంలోని పాలపిట్టను చూపిస్తామని ఎవరైనా వస్తే ఒక్క రూపాయి ఇవ్వకండి, అటవీశాఖకు ఫోన్ చేయండి.