రాసుకున్నది తిరిగి ఇవ్వాలి



1940లలో మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన ఒక మానవశాస్త్రవేత్త గురించి చెప్పాలని వచ్చాను. ఆయన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టారు. రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్ ప్రభుత్వానికి శత్రుదేశీయుడయ్యారు. హైదరాబాద్ రాజ్యానికే పరిమితమైన ఆ రోజుల్లో భార్య బెట్టీతో కలిసి నల్లమల చెంచుల దగ్గర, గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గర, ఆదిలాబాద్ గోండుల దగ్గర ఉండి, చూసిందీ విన్నదీ రాసుకున్నారు.

1940లో జోడేఘాట్‌లో నిజాంపై తిరగబడ్డ గోండు నాయకుడు కొమురం భీం నేలకొరిగాక, గోండుల కష్టాలేమిటో తెలుసుకునే పనిని నిజాం సర్కారు ఆయనకు అప్పగించింది. అడవి హద్దుల పేరిట, బయటివాళ్ల కబ్జాల వల్ల భూమి పోతోందని ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. ఫలితంగా వేల కుటుంబాలకు భూమి పట్టాలు దక్కాయి. 1943లో ఆదిలాబాద్ ప్రాంతంలోని మార్లవాయి గ్రామంలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. అక్కడి పిల్లలు వాచకం తెరిస్తే ఇంట్లో అమ్మ మాట్లాడే గోండీయే అచ్చులో కనిపించేది.

తర్వాత ఆయన పరిశోధన హిమాలయాలకు సాగింది. 1944-45లో ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లోని సుబన్‌సిరి ప్రాంతంలో, నాగలి లేకుండానే వరి పండించే అపతానీల మధ్య ఉన్నారు. 1953 నుంచి నేపాల్‌లో షెర్పాలను అధ్యయనం చేశారు. బంగాళాదుంప సాగుతో తిండి కొరత తీరి, ఆ మిగులుతోనే బౌద్ధ మఠాలు వెలిశాయని వాదించారు. అయినా ఆదిలాబాద్‌ను మరవలేదు. మళ్లీ వచ్చి చూస్తే గోండుల భూములు చేజారుతున్నాయి. ఆ సంగతిని 1982 నాటి పుస్తకంలో నిర్మొహమాటంగా రాశారు. 1987లో కన్నుమూసిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది.

ఆయన డైరీలు, ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటిలో ఉన్నవాళ్ల మనవళ్లు మాత్రం ఇక్కడ, మన మధ్య ఉన్నారు. తాతల ముఖాలు చూసుకునే హక్కు అందరికంటే ముందు వాళ్లది. వాటి ప్రతులను మార్లవాయి బడి దాకా చేర్చే పూచీ ఆయన పనిచేసిన ఈ విశ్వవిద్యాలయం తీసుకోవాలని కోరుతున్నాను.

డిగ్రీలు అందుకుంటున్న మిత్రులారా, రేపు మీరూ ఏదో ఒక ఊరికి నోటుబుక్కుతో వెళ్తారు. మీ అంశం నేల, నీరు, జబ్బు, భాష, ఏదైనా కావచ్చు. పొలం పని ఆపుకొని మీకు జవాబు చెప్పేవాళ్లుంటారు. థీసిస్ ఒక ప్రతి లైబ్రరీకి ఎలాగూ ఇస్తారు. అందులోని సారాన్ని వాళ్ల భాషలో రాసి, ఆ ఊరి పంచాయతీలో చదివి వినిపించండి. తప్పుంటే వాళ్లే దిద్దుతారు. మీ చదువుకు అంతకు మించిన పరీక్ష లేదు. అందులో మీరంతా నెగ్గాలని మనసారా దీవిస్తున్నాను.