బిడ్డ పరీక్షకు తలిదండ్రుల సమ్మతి
(రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



దస్తావేజుపై వ్రేలిముద్ర వేయుటకు ముందు దానిని చదివించి వినవలెనని పెద్దలు చెప్పుదురు. భూమి విషయముననే యింత జాగరూకత వలసినప్పుడు, బిడ్డ భవితవ్యమును నిర్ణయించు కాగితము విషయమున నెంత వలయునో యోచింపుడు.

అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రమందలి మాంటెరే ప్రాంతమున, మెక్సికో సంతతివారగు తొమ్మండుగురు పిల్లలకు బడిలో బుద్ధిపరీక్ష జరిపిరి. ఇంట వారి భాష స్పానిష్. పరీక్ష జరిగినది ఇంగ్లీషున. మందబుద్ధులని తేల్చి వారిని వేరు తరగతులలో కూర్చుండబెట్టిరి. స్పానిష్‌లో మరల పరీక్షింపగా వారిలో పెక్కుమంది యా కోవకు చెందరని తేలినది. పిల్లలకు వారి యింటిభాషలో గూడ పరీక్ష జరుపవలెనని 1970లో న్యాయస్థానమున నొడంబడిక యైనది.

1975లో ఆ దేశము వైకల్యముగల పిల్లలందఱికిని ఉచితముగ తగిన విద్య నొసగు చట్టమును చేసినది. తొలి పరీక్షకు ముందే తలిదండ్రుల లిఖితపూర్వక సమ్మతి గైకొనవలెనని 1977 నాటి నియమములు విధించినవి. పరీక్ష యేదియో, యెందులకో వారికి తెలిసిన భాషలో వివరింపవలయును. ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పరాదు. 2004 నాటి సవరణ ప్రకారము, రాష్ట్రము వేరు గడువు విధింపనిచో, సమ్మతి ముట్టిన 60 దినములలో పరీక్ష ముగియవలెను. అచ్చటి బడులలో చదువు తెలుగు పిల్లలకును ఈ నియమములే వర్తించును.

ఇందొక సూక్ష్మము గలదు. పరీక్షకు సమ్మతించినంత మాత్రమున ప్రత్యేక బోధనకు సమ్మతించినట్లు కాదు. దానికి వేరుగ సమ్మతి కావలయును. తొలి పరీక్షకు తలిదండ్రు లొప్పుకొననిచో బడివారు విచారణ కోరవచ్చును. ప్రత్యేక బోధనను మాత్రము వారి యనుమతి లేక ప్రారంభింపజాలరు. పరీక్షాఫలము సరికాదని తోచినచో, బడి ఖర్చుతో వేఱొక నిపుణునిచే పరీక్ష చేయింపుమని తలిదండ్రులు కోరవచ్చును; అప్పుడు బడివారు దానికి వ్యయము భరింపవలెను, లేదా తమ పరీక్ష సరియైనదేయని విచారణలో నిరూపింపవలెను.

అయినను, లోకు లేమందురో యను జంకుతో పరీక్షనే వలదనుట బిడ్డకు మేలు చేయదు. చెవి సరిగ వినబడని బాలుడు పాఠ మందక మొద్దని పేరుపడుచుండును. పరీక్ష జరిగిననే గదా వానికి వలసిన సాయ మేదియో తెలియును! తొందరపడి యిచ్చు సంతకమును, వెఱచి నిరాకరించుటయు రెండును హానికరములే.

కావున కాగితమును చదువుడు, చదువరానిచో చదివించి వినుడు, సందేహము నడుగుడు, పిమ్మట సంతకము చేయుడు. అట్టి తలిదండ్రులను తయారుచేయుటకంటె గ్రంథాలయమునకు వేఱు సార్థకత యేమున్నది?