మన రాత మనమే రాసుకోవాలి



ఇవాళ పి.ఆర్.వెంకటస్వామి గారి గురించి నాలుగు మాటలు చెబుతాను. ఆయన చరిత్రకారుడు. కానీ రాజుల చరిత్ర రాయలేదు. హైదరాబాదు సంస్థానంలో అంటరానివాళ్లు జరిపిన పోరాటాల చరిత్ర రాశారు. 1955లో రెండు సంపుటాలుగా వచ్చిన ఆ ఇంగ్లీషు పుస్తకం పేరు 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్'. అంటే, మన విముక్తి పోరాటం.

ఆయన దూరంగా కూర్చుని చూసిన పండితుడు కాదు, ఉద్యమంలో తిరిగిన మనిషి. 1906లో భాగ్యరెడ్డి వర్మ గారు జగన్ మిత్ర మండలి పెట్టిన కాడి నుంచి ఎవరు ఏ సంఘం పెట్టారు, ఎందుకు చీలారు అన్నీ రాశారు. మన నాయకుల మధ్య తగాదాలు కూడా దాచలేదు. 'మన గుట్టు మనమే బయటపెట్టుకుంటామా?' అని కొందరు అడుగుతారు. దాస్తే మన పిల్లలు మళ్లీ అదే గోతిలో పడతారు. గెయిల్ ఆంవెట్ 1994లో దళిత ఉద్యమాల మీద పుస్తకం తెచ్చినప్పుడు, హైదరాబాదు సంగతులకు ఈయన రాతే ఆధారమయింది.

మరి మన జిల్లాల సంగతేంటి? 1985 జులై 17న కారంచేడులో మంచినీళ్ల చెరువు కాడ మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు తిరిగింది. అగ్రకుల భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి, శవాల్ని గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. రేపు ఎవడన్నా 'అసలు అక్కడేం జరగలా' అంటే మన చేతిలో ఏముంటుంది? కోర్టు కాయితమే చివరి మాట కాకూడదంటే మన రాత మనకుండాలి.

అందుకే పల్లెకో నోటుబుక్కు పెట్టండి. మిరపకోతల్లో, పత్తితీతల్లో ఏ ఏడు కూలి ఎంత? ఎవరడిగితే పెరిగింది? బంజరు పట్టా ఎవరికొచ్చింది, ఎవరి చేతిలోకి పోయింది? బడికి మొదట పోయిన ఆడపిల్ల ఎవరు? తేదీ రాయండి, చెప్పినవాళ్ల పేరు రాయండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. వెంకటస్వామి గారి ఇంగ్లీషు మన అవ్వలకు అందలేదు. మన నోటుబుక్కు మన తెలుగులోనే ఉండాలి. అవ్వ చెబుద్ది, మనవరాలు రాసుద్ది, రాసింది మళ్లీ అవ్వకు చదివి వినిపించాలి. నకలు తీసి ఇంకో ఇంట్లో దాచండి. గుడిసెలు తగలబడ్డ ఊళ్లు మనవి.

ముసలాళ్లు వెళ్లిపోతున్నారు. ఈ పక్షంలోనే మొదలుపెట్టండి.

జై భీమ్!