కోటు మీ నాయనకి, మూట నాకు: పాత ఫొటోల్లో మన పిల్లలు

(ఢిల్లీ జియా సరాయ్‌లో తెలుగు పరిశోధక విద్యార్థులు కొందరు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ గదిలో సగం మంది ఈ నెల్లో ఏదో ఒక ఫారం నింపే ఉంటారు. కింద సందులో జిరాక్స్ షాపుకి పాస్‌పోర్ట్ ఫొటోకి వెళ్తే అక్కడి కుర్రాడు అడుగుతాడు, కోటు పెట్టాలా అని. మనం నలిగిన టీ షర్టులో ఉంటాం. రెండు నిమిషాల్లో మెడ కింద నల్లకోటు, ఎర్ర టై వచ్చేస్తాయి. మనం నవ్వుకుంటాం. కానీ మన ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున పడున్న ఫొటోల్లో కూడా కోటు చాలాసార్లు ఇలా వచ్చిందే. అప్పుడు కంప్యూటర్ లేదు, గుండుసూదులు ఉండేవి.

మా ఇంట్లో ఒక ఫొటో ఉంది. 1976లో ఒంగోల్లో ఒక స్టూడియోలో తీయించింది. తాత రైల్వేలో గ్యాంగ్‌మన్. పక్కన కుర్చీలో నాయనమ్మ. మధ్యలో ఎనిమిదేళ్ల మా నాన్న, కోటూ టైతో. కోటు స్టూడియో వాళ్లది. చేతులు పొడుగై వేళ్లు సగం కనపడవు. వెనక సూదులు గుచ్చి బిగించారట, కదిలితే గుచ్చుకుంటుందని బిగదీసుకుని నిలబడ్డాడు. ఆ గాంభీర్యం సూదులదే. ఫొటో మోకాళ్ల దగ్గర ఆగిపోతుంది, కోటుకి తగ్గ బూట్లు స్టూడియోలో లేవు కాబట్టి. ఇవేవీ ఫొటోలో కనపడవు. మా పెద్దత్త చెప్తేనే తెలిసింది. ఆమె ఫొటోలో లేదు. పదకొండేళ్ల పిల్ల, చంటి చెల్లిని చంకనేసుకుని, ఇంటి బట్టల మూట పట్టుకుని బయట అరుగు మీద కూర్చుంది. ‘కోటు మీ నాయనకి, మూట నాకు తల్లీ’ అంటుంది ఇప్పటికీ. నవ్వుతూనే అంటుంది గానీ, ఆ నవ్వు నాకు తేలిగ్గా అనిపించదు.

అదే ఊళ్లో అప్పటికి తాత ఒక వీధి దాటాలంటే చెప్పులు చేతబట్టుకునేవాడు. అంటే, కోటు సొంతమైనా వేసుకుని నడిచే వీధి లేదు. అది తొడుక్కోగల చోటు భూమ్మీద ఒక్కటే, స్టూడియోలో రంగుల పరదా ముందు ఉన్న నాలుగడుగుల జాగా. ఎరువుల సొమ్ము బరువుల చేటు అని సామెత ఉంది. సొంత సొమ్ము ఉన్నవాళ్లు కట్టిన సామెత అది.

ఇలాంటి ఫొటోలని మన సెమినార్లలో చదివే తీరు మీకు తెలుసు. దొరల అనుకరణ అంటారు. లేకపోతే ఎమ్మెన్ శ్రీనివాస్ చెప్పిన సంస్కృతీకరణ అంటారు. ఆ మాట ఇక్కడ ఎలా అతుకుతుందో నాకు అర్థం కాదు. పై కులాన్ని చూసి కిందివాళ్లు నేర్చుకోవడం అని కదా దాని అర్థం. మా ఊరి అగ్రహారంలో కోటు వేసినవాడెవడు? వీటికి కోటు, టై, గౌను, రిబ్బను వచ్చిన దారి వేరు. రైల్వే, మిలిటరీ, మిషన్ బోర్డింగులు. ఒంగోలు చుట్టుపక్కల 1878 జులై 3న, ఒక్కరోజునే, 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆ తర్వాతి తరాల పిల్లలు ఉతికిన తెల్లబట్టలతో వరుసగా నిలబడ్డ మిషన్ ఫొటోలు మీరు చూసే ఉంటారు. వాటి కింద తరచూ దొరగారి పేరు ఉంటుంది, పిల్లల పేర్లు ఉండవు.

బట్టలు, పిల్లలు, కులం. ఈ మూడూ కలిసి బాబాసాహెబ్ రాతల్లోనే ఒకచోట ఉన్నాయి. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ 1990లో గానీ అచ్చుకాలేదు. అందులో మొదటి సంగతి 1901 నాటిది. కోరెగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరికి పిల్లలు రైల్లో బయల్దేరతారు. ఆ ప్రయాణం కోసం కొన్న బట్టల్ని ఆయన ఒక్కొక్కటీ చెప్తారు. ఇంగ్లీషు తయారీ చొక్కాలు, తళుకుల టోపీలు, కొత్త బూట్లు, పట్టు అంచు పంచెలు. మసూర్ స్టేషన్లో స్టేషన్ మాస్టర్ వాళ్లని చూసి బ్రాహ్మణ పిల్లలనే అనుకున్నాడు. మీరెవరని అడిగాడు. మహర్లం అని ఆ పిల్లవాడు చెప్పాడు. అంతే, ఆయన మొహం మారిపోయింది. బండివాళ్లు రానన్నారు, చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు. రాత్రంతా తాగడానికి నీళ్లు లేవు.

ముప్పై ఏళ్లు దాటాక కూడా ఆయనకి ఆ పంచె అంచు గుర్తుంది. దాన్ని పిల్లతనపు ముచ్చటగా తీసేయలేం. ఆ బట్టలు ఆ పిల్లల్ని కాపాడలేదు, ఒక్క ప్రశ్న దాకా మాత్రమే ఆగాయి. స్టూడియోలో దిగిన ఫొటో ఆ ప్రశ్నకి ముందటి నిమిషం అని నేననుకుంటాను. అందులో ఉన్న పిల్లవాణ్ని ఇంకా ఎవరూ ఏమీ అడగలేదు.

సముద్రం అవతల కూడా ఈ పని చేసినవాళ్లున్నారు. 1900లో పారిస్ ప్రదర్శనకి డుబోయిస్ నల్లజాతివారి ఫొటోల ఆల్బములు కట్టి పంపాడు. జార్జియాకి చెందినవాళ్లే ఎక్కువ. లేసు గౌన్ల ఆడపిల్లలు, గట్టి కాలర్ల మగపిల్లలు. 1946లో బాబాసాహెబ్ ఉత్తరం రాసింది ఈ డుబోయిస్‌కే. ఆ ఆల్బముల్లో పిల్లల పేర్లు రాసి లేవు. వాళ్లని నేరస్థులుగా, తక్కువ జాతిగా చూపే బొమ్మలకి జవాబుగా అవి సరిపోయాయి. ఆ పిల్లలెవరో తెలుసుకోవాలనుకునే మునిమనవరాలికి మాత్రం సరిపోవు.

ఇక ఆడపిల్లల సంగతి. 1927 డిసెంబర్‌లో మహాడ్‌లో బాబాసాహెబ్ ఆడవాళ్లతో విడిగా మాట్లాడారు. పై కులాల ఆడవాళ్లు కట్టినట్టే చీర కట్టండి, కులాన్ని పట్టిచ్చే బరువు నగలు వదిలేయండి అన్నారు. మగవాళ్ల కోటు గురించి మన దగ్గర చాలా రాశారు, విగ్రహం నీలం సూటు గురించి మరీను. మహాడ్‌లో చీర మార్చుకున్న ఆడవాళ్ల మీద రాసింది తక్కువ. మా ఇంటి ఫొటోలోనూ అంతే. ఒకే కోటుకి డబ్బులుంటే అది ఎవరికి తొడిగారో చూడండి. మా పెద్దత్తకి పదో తరగతి కూడా అందలేదు. కోటు తొడుక్కున్న నాన్న టీచరయ్యాడు. అందుకే ఈ ఫొటోని మన ఆత్మగౌరవానికి గుర్తుగా గోడకి తగిలించేటప్పుడు నాకు కొంచెం తటపటాయింపు ఉంటుంది. అయినా తగిలిస్తాను.

ఇప్పుడు పని మాట. మనలో కొందరు దళిత కుటుంబాల ఫొటోలు సేకరించి భద్రపరచాలనుకుంటున్నారు. మంచిదే. అయితే ‘దళిత కుటుంబం, ఆంధ్రప్రదేశ్, 1970లు’ అని కింద రాసి ఊరుకుంటే, ఆ స్టేషన్ మాస్టర్ అడిగిన ప్రశ్నే మళ్లీ మనం అడిగినట్టవుతుంది. కులం రాయొద్దని నేననను. దాచిపెడితే బోర్డింగు ఫొటోల గతే పడుతుంది. కులంతో పాటు మనుషుల పేర్లు రాయండి, ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే. కోటు ఎవరిది, గౌను ఎవరు కుట్టారు, స్టూడియోకి ఎంతిచ్చారు, ఆ డబ్బు ఎక్కడిది, ఆ రోజు కూలి పోయిందా? ముఖ్యంగా, ఫొటో తీస్తుంటే బయట ఎవరున్నారు?

ఇవి చెప్పగలిగినవాళ్లు డెబ్బైలకి దగ్గరపడుతున్నారు. మా పెద్దత్తకే చూపు మందగించింది, ఫొటో చేతికిస్తే దగ్గర పెట్టుకుని వేలితో తడిమి చెప్తోంది. దసరా సెలవులకి ఇంటికెళ్లేవాళ్లు ఫోన్‌తో ఫొటోకి ఫొటో తీసుకుని వచ్చేయకండి. తిప్పి వెనక వైపు కూడా తీయండి. స్టూడియో ముద్ర, తేదీ, పెన్సిల్‌తో రాసిన పేర్లు అక్కడే ఉంటాయి. తర్వాత పక్కన కూర్చుని, రికార్డింగ్ పెట్టి, ముందు బట్టల గురించి అడగండి. కులం గురించి అడిగితే మౌనంగా ఉండేవాళ్లు కూడా బట్టల గురించి గంటసేపు మాట్లాడతారు.

జైభీమ్.